నెమ్మది రకమని చెప్పాను

ఒక అబద్ధం ఇన్నేళ్ళుగా నా నోట్లోనే ఉండిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. దాన్ని అలాగే దవడలో పెట్టుకుని అన్నం తిన్నాను, హారతి పాట పాడాను, పసిపిల్లల నెత్తిన చెయ్యి పెట్టి దీవించాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పబోతే నన్ను చెప్పనివ్వరు. ఊరుకోవే, నీలాంటి మనిషి ఎక్కడుంటుంది అంటారు. ఆ మాట వింటే నాకిప్పుడు ఒళ్ళు మండిపోతుంది.

కోపంగా రాస్తున్నానని ముందే చెప్తున్నాను. ఏడుపు కోసం చూడకండి. ఏడవాల్సింది అప్పుడే ఏడ్చేశాను, వీధి వీధంతా చూస్తుండగా, అందరికంటే గట్టిగా. ఇప్పుడు కోపం ఒక్కటే మిగిలింది. ఎవరి మీద అని అప్పుడప్పుడు నన్ను నేను అడుగుతాను. ఆ అడగడం కూడా దొంగ నాటకమే. ఎవరి మీదో నాకు తెలీదా?

మాది ఉద్దానంలో, బారువ సముద్రానికి దగ్గర్లో ఒక ఊరు. తుపాను మా జీడితోటల్ని, కొబ్బరిచెట్లని పడగొట్టేశాక ఆడవాళ్ళందరం పిక్కల పనిలో పడ్డాం. పలాస నుంచి వ్యానులో కాల్చిన జీడిపిక్కలు తెచ్చి మా వీధి చివర షెడ్డులో దింపేవారు. చేతులకి బూడిద రాసుకుని, కర్రతో పిక్క పగలగొట్టి, పప్పు విరక్కుండా తీయాలి. ఎంత బూడిద రాసుకున్నా డొల్లలోని జీడి, ఆ నల్ల జిగురు, అంటుకోక మానదు. అంటుకుంటే తోలు కాలుతుంది, తర్వాత నల్లబడుతుంది. మా ఊళ్ళో ఆడదాని చెయ్యి చూసి ఎవరూ ఏమీ అనుకోరు. నల్లగా లేకపోతేనే, ఏమ్మా పనికి రావట్లేదా అని అడుగుతారు.

నా తోటికోడలి పేరు సింహాచలం. మా వైపు ఆ పేరు మగాళ్ళకీ పెడతారు, ఆడవాళ్ళకీ పెడతారు. నేను అప్ప అనేదాన్ని. మా బావ కిడ్నీ జబ్బుతో చిన్నవయసులోనే పోయాడు. మా ఆయన భువనేశ్వరంలో తాపీ పని, పండగలకి వస్తాడు. అంచేత ఇంట్లో అప్ప, ఆమె కూతురు గౌరి, నేను. నాకు పిల్లల్లేరు.

చిన్నప్పుడు నాకు మూర్ఛలు వచ్చేవి. అందుకని మా నాన్న బడికి పంపలేదు. ఇంటి అరుగు మీదే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు, పురాణం చదివించాడు. సిమెంటు బస్తాల మీద, మందు డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు చూపించి అవి కూడా నేర్పాడు. ఆయన నేర్పింది ఇంకొకటి ఉంది. పొద్దున్న లేవగానే దేవుడికి ఏదో ఒకదానికి దండం చెప్పుకోమనేవాడు. ఏమీ తోచకపోతే, మూర్ఛ రాలేదు కదా, దానికి చెప్పుకో అనేవాడు. అలా నాకు కృతజ్ఞత అలవాటైపోయింది. మంచి అలవాటే అనుకున్నాను. ఒక మనిషి ప్రాణం మీదికి అది తెస్తుందని ఎవరనుకుంటారు?

పెళ్ళయి అత్తారింటికి వచ్చిన కొత్తలో ఒకసారి పెరట్లో పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి నా తల అప్ప ఒళ్ళో ఉంది. చుట్టూ మూగినవాళ్ళతో, "ఎండ దెబ్బే, పోండోలే, గాలాడనీండి" అంటోంది. ఎండ దెబ్బ కాదని ఆమెకి తెలుసు. తర్వాత కూడా ఎవరితోనూ అనలేదు, నాతో కూడా అనలేదు. అలాంటి మనిషి.

ఊళ్ళో శుక్రవారం సాయంత్రాలు అమ్మోరి దగ్గర ఆడవాళ్ళం భజన చేస్తాం. చదవడం వచ్చు కాబట్టి పుస్తకం నా చేతిలో ఉండేది. మొదట్లో అంతే. తర్వాత తర్వాత ఎవరికైనా జ్వరం తగ్గితే, ఎవరి పడవైనా భద్రంగా ఒడ్డుకి వస్తే, నా దగ్గరికి వచ్చి, నా బదులు అమ్మోరికి చెప్పమ్మా అనేవారు. నేను చెప్పేదాన్ని. నేను దండం పెడితే జరుగుతుందన్న మాట మెల్లగా పుట్టింది. దాన్ని నేను పుట్టించలేదు. కానీ కాదని కూడా అనలేదు. తలొంచుకుని, అంతా అమ్మ దయ అనేదాన్ని. ఆ తల వంచడంలో ఎంత గర్వముందో ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

అప్ప కుడిచేతి బొటనవేలి గోరు మీద ఒక నల్లగీత ఉండేది. పెన్సిలుతో గీసినట్టు, గోరు మొదలు నుంచి చివరిదాకా నిలువుగా. జీడి అనుకున్నాం. ఎవరు అనుకోరు చెప్పండి? వానలు పడ్డాక పని మందగించి కొన్నాళ్ళకి అందరి చేతులూ మామూలు రంగుకి వస్తాయి. నా గోళ్ళు వచ్చాయి. అప్ప గోరు రాలేదు. సున్నం, కొబ్బరినూనె కలిపి రాశాం. జీడిమచ్చ మొండిగా ఉంటే బ్లేడుతో గీకడం మాకు అలవాటు. అలా గీకింది కూడా. తర్వాతి సీజనుకి గీత వెడల్పయ్యి, గోరంతా నల్లబడి, గోరు మొదట్లో ఉన్న తోలు మీదకి కూడా పాకింది. "నా ఏలికి జీడంటే ఎంత పేమో సూడు, ఒగ్గడం నేదు" అని నవ్వేది.

మా ఊళ్ళో కిడ్నీ పరీక్షలకి ఏటా రక్తం తీయడానికి వస్తారు. ఆ ఏడు వచ్చిన నర్సమ్మ అప్ప చెయ్యి పట్టుకుని, సూది పక్కన పెట్టేసి, గోరు వైపు చాలాసేపు చూసింది. ఇది జీడి కాదేమో, టెక్కలి వెళ్ళి చూపించండి అంది. ఆ నర్సమ్మకి ఇప్పటికీ రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. ఆమె చెయ్యాల్సింది ఆమె చేసింది. అందరూ ఎవరి పని వాళ్ళు చేశారు. నేను తప్ప.

టెక్కలిలో డాక్టరుగారు గోరు కింద నుంచి చిన్న ముక్క తీసి పంపించారు. కొన్నాళ్ళకి మళ్ళీ పిలిచి, ఇది చర్మానికి వచ్చే క్యాన్సరమ్మా, కానీ ఇప్పటికి పైపైనే ఉన్నట్టుంది, లోతుకి దిగలేదు అన్నారు. గోరు ఒక్కటి తీస్తే చాలా, వేలు కూడా తీయాలా అన్నది ఇంకో పరీక్ష వచ్చాక తేలుతుందని, ఆ ముక్కనే వైజాగులో ఇంకో రకంగా చూస్తారని, దాని స్వభావం అప్పుడు తెలుస్తుందని చెప్పారు. ల్యాబుకి ఇవ్వడానికి నా ఫోను నంబరు తీసుకున్నారు. అప్పకి ఫోను లేదు.

పైపైనే అన్న ఒక్క మాట పట్టుకున్నాను. ఇంకో పరీక్ష ఉందన్న మాట చెవిలో పడింది గానీ దాన్ని పక్కకి నెట్టేశాను. ఊళ్ళోకి రాగానే, అమ్మోరు కాపాడిందర్రా, పైపైనే ఉందట అని చెప్పాను. అంతటితో ఊరుకున్నానా? ముర్రాటలు పెట్టించాను. పసుపునీళ్ళ కుండలో వేపమండలు వేసి నెత్తిన పెట్టుకుని, డప్పులతో వీధంతా తిరిగి అమ్మోరికి సమర్పిస్తాం, దాన్నే ముర్రాట అంటాం. మామూలుగా జాతరకి చేస్తాం. నేను జాతరదాకా ఆగలేదు. వీధిలో ఉన్న ఆడవాళ్ళందరి చేతా కుండలెత్తించాను. అందరికంటే ముందు నేను. నా వెనక అప్ప, కట్టు కట్టిన బొటనవేలు పైకెత్తిపట్టుకుని, కుండ ఒక చేత్తోనే పట్టుకుని, "ఓలె, ఈ కుండ పడిపోతే అమ్మోరు నన్నే అడుగుతాది, నిన్ను కాదు" అని వేళాకోళం చేస్తూ నడిచింది.

దాలమ్మ అని మా భజనలో పెద్దావిడ ఉంది. ఆ రోజు అందరి ముందు నా గెడ్డం పట్టుకుని, నీ మాటకి అమ్మోరు అడ్డు చెప్పదే అంది. నేను తలొంచుకున్నాను.

ముర్రాటలయిన మర్నాడో, ఆ పైనాడో ఫోనొచ్చింది. షెడ్డులో పిక్కలు కొడుతున్నాం. కర్రల చప్పుడుకి వినపడక బయటికి, డొల్లలు పోసిన గుట్ట దగ్గరికి వెళ్ళాను. వైజాగు నుంచి ఒక డాక్టరమ్మ. గొంతు చిన్నపిల్లలా ఉంది. సింహాచలం గారి మనుషులేనా అని అడిగి, మామూలుగా ఇలా మేము చెప్పమండీ, మీ డాక్టరుగారు ఊళ్ళో లేరు, ఆలస్యం అవకూడదని చేస్తున్నాను అంది.

ఆమె చెప్పింది నాకు బాగా అర్థమయింది. అర్థం కాలేదని చెప్పుకునే దారి కూడా లేదు నాకు. అంత విడమరిచి చెప్పింది ఆ తల్లి. ఒంట్లో ప్రతి కణం ఒకటి రెండుగా విడిపోతుందట. విడిపోవడానికి లోపల కొన్ని ప్రోటీన్లు గేటు తీస్తాయట, కొన్ని మూస్తాయట. పలాసలో రైలు గేటు చూశారు కదా, అలాగే అనుకోండి అంది. గేటు మూసే ప్రోటీను పేరు పి పదహారు. అప్ప ముక్కలో అది కనిపించలేదట. గేటు తీసేదాన్ని సైక్లిన్ అంటారట, అది మాత్రం బాగా ఎక్కువగా ఉందట. ఇంకొకటి కూడా చెప్పింది, కేఐ అరవై ఏడు అని. విడిపోయే పనిలో ఉన్న కణాల్లోనే అది ఉంటుంది కాబట్టి రంగు వేస్తే ఆ కణాలే రంగు పడతాయట. చాలా కణాలు రంగు పట్టాయండీ అంది. చూడ్డానికి పైపైనే ఉన్నా, జోరు మీద ఉంది. ఇవి జాతకం కాదు, ఎవరికి ఏమవుతుందో వీటిని బట్టి ఖచ్చితంగా చెప్పలేం, కానీ ఇలా ఉన్నప్పుడు ఆగకూడదు. ఈ వారమే వైజాగు రండి. బొటనవేలు కణుపు దాకా తీసేయాల్సి రావచ్చు. చంకలో గడ్డలున్నాయేమో చూడాలి. తర్వాత మందులు కూడా ఉన్నాయి. వస్తారు కదా?

వస్తామమ్మా అన్నాను. మీ మేలు మర్చిపోనమ్మా, అమ్మోరు నిన్ను చల్లగా చూడాలి అన్నాను. అలవాటు కదా. కృతజ్ఞత.

ఫోను పెట్టేసి ఆ డొల్లల గుట్ట దగ్గర నిలబడ్డాను. నా మనసులో ముందు ఏం వచ్చిందో మీకు చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాది చెప్పినా చెప్పనట్టే. అప్ప మొహం రాలేదు. గౌరి రాలేదు. దాలమ్మ వచ్చింది. నా గెడ్డం పట్టుకున్న దాలమ్మ చెయ్యి వచ్చింది. కుండలెత్తుకున్న ఆడవాళ్ళందరూ వచ్చారు. ఇప్పుడు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, తొందరపడ్డానర్రా, అమ్మోరు ఏమీ చెయ్యలేదు అని ఎలా అనడం? అమ్మోరి మాట ఏమవుతుంది అనుకున్నాను. చూశారా, అప్పుడు కూడా అమ్మోరి పేరే చెప్పుకున్నాను. అమ్మోరికేం, ఆవిడ పరువుకి ఎప్పుడూ లోటు రాదు. పోయేది నా పరువు. ముందే దండం పెట్టేశాను. పెట్టిన దండాన్ని వెనక్కి తీసుకోలేక మనిషిని వదులుకున్నాను.

ఖచ్చితంగా చెప్పలేం అని ఆ డాక్టరమ్మే అంది కదా, అని ఇంకో ఆలోచన వచ్చింది. ఆమె నిజాయితీగా అన్న ఒక్క మాటని దొంగలా పట్టుకున్నాను. ఖచ్చితం కాదంటే కాకపోవచ్చు కదా. నేను ఇంకా గట్టిగా దండం పెడితే? ఇంకో వారం? పిక్కల సీజను అయ్యేదాకా?

లోపలికి వెళ్ళాను. అప్ప పీట మీద కూర్చుని, ఎడంచేత్తో కర్ర పట్టుకుని పిక్కలు కొట్టడం నేర్చుకుంటోంది. కుడి బొటనవేలికి కట్టు.

"ఏటే, ఎవులు ఫోను?"

"వైజాగు డాక్టరమ్మ."

"ఏటన్నాది?"

పక్కన దాలమ్మ కొట్టడం ఆపింది. మిగతావాళ్ళు కూడా ఆపారు. నా నోటి వైపే చూస్తున్నారు అందరూ.

"నెమ్మది రకమట అప్పా. కంగారు నేదట. పిక్కల సీజనయ్యాక రమ్మన్నారు, గోరు తీసేత్తారట."

"ఏలు?"

"ఏలు అక్కర్నేదట."

అప్ప ఊపిరి వదిలింది. ఆ ఊపిరి చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. తర్వాత నవ్వింది. "అయితే నీ అమ్మోరికి నా బొటనేలు నచ్చినాదన్నమాట. బతికిపోనాను. ఏలు నేకపోతే అన్నమెలా కలుపుతాను, నీ సేత తినిపించుకోవాల. నువ్వు తినిపిత్తే సగం పురాణం, సగం అన్నం." అందరూ నవ్వారు. కర్రలు మళ్ళీ మొదలయ్యాయి. దాలమ్మ రెండు చేతులూ పైకెత్తి అమ్మోరికి దండం పెట్టింది. నేనూ పెట్టాను.

అంతే. అంతసేపే పట్టింది.

మళ్ళీ ఫోనొచ్చింది, అదే నంబరు. ఎత్తలేదు. భజనకి దీపం పెడుతున్నాను కదా అనుకున్నాను. ఫోనెత్తితే దీపం ఆరిపోయేదేం కాదు. ఇంకోసారి వచ్చినా ఎత్తలేదు. ఫోను మీద చీర కొంగు కప్పేసి పాట మొదలుపెట్టాను. పాటలో నా గొంతు ఎప్పటికంటే బాగుందని భజనలో ఆడవాళ్ళన్నారు.

ఆ నెలల్లో నేను అప్పకి చేసిన సేవ ఊరంతా చూసింది. తలకి నూనె పెట్టేదాన్ని, నీళ్ళు కాచేదాన్ని, కష్టమైన పని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. రోజూ తెల్లారకముందే తలస్నానం చేసి అమ్మోరి చుట్టూ తిరిగేదాన్ని. ఇదంతా ప్రేమేనా? ప్రేమ లేదని అనను. కానీ నోరు తెరిచి ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి, అది తప్ప మిగతావన్నీ చేశాను. ఒక మనిషి తను చెయ్యాల్సిన ఒక్కటీ తప్ప అన్నీ చేస్తుంటే, ఆ మనిషిని మహాతల్లి అంటారు మా ఊళ్ళో.

సీజను అయిపోవచ్చేసరికి అప్ప చంకలో నిమ్మకాయంత గడ్డ. తర్వాత దగ్గు. అప్పుడు వైజాగు తీసుకెళ్ళాను.

అక్కడ చూసింది వేరే డాక్టరమ్మ, పెద్దావిడ. కంప్యూటర్లో చూసి, కళ్ళజోడు తీసి మా ఇద్దరి వైపూ చూసింది. మా వాళ్ళు ఫోను చేసి అప్పుడే రమ్మన్నారు కదమ్మా, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు అని అడిగింది. ఆమె గొంతులో కోపముంది. న్యాయమైన కోపం. చిన్నప్పటి మూర్ఛ మళ్ళీ వచ్చేస్తే బాగుణ్ణు, పడిపోతే బాగుణ్ణు అనుకున్నాను. రాలేదు.

అప్ప నా వైపు తిరగలేదు. డాక్టరమ్మనే చూస్తూ చెప్పింది.

"సెప్పిందమ్మా ఈవిడ. అప్పుడే సెప్పింది. నానే ఇన్నేదు. పిక్కలు ఒగ్గీసి ఎలాగొత్తాను అన్నాను."

డాక్టరమ్మ తల ఊపి ఏదో రాసుకుంది.

మీరిప్పుడు అనుకుంటారు, ఆవిడ క్షమించేసిందని. నేనూ చాలాకాలం అలాగే అనుకోవాలని చూశాను. ఎండ దెబ్బ అని చెప్పి నన్ను కాపాడిన మనిషే మళ్ళీ కాపాడింది, ఎంత గొప్ప మనసు అని అమ్మోరికి దండం కూడా పెట్టుకున్నాను. సిగ్గులేదు నాకు. అది క్షమ కాదు. పరాయి ఊళ్ళో, పరాయి మనిషి ముందు ఇంటి గుట్టు విప్పడం ఆమెకి ఇష్టంలేక అన్న మాట. ఎలా తెలుసంటారా?

తిరిగి రైల్లో వస్తున్నాం. నౌపడ దాటాక ఉప్పుమడులు ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. అప్ప కిటికీ పక్కన కూర్చుని వాటినే చూస్తోంది. సంచిలో అమ్మోరి ప్రసాదం ఉంది, ఒక బెల్లం ముక్క తీసి ఇచ్చాను. నా చెయ్యి వైపు చూసింది. తీసుకోలేదు. మొహం మళ్ళీ కిటికీ వైపు తిప్పుకుంది.

ఆ తర్వాత నా చేతి ప్రసాదం ఆమె ఎన్నడూ ముట్టలేదు. మందులకి వికారమని అందరూ అనుకున్నారు. గౌరి పెడితే తినేది. అన్నం మాత్రం నా చేత్తోనే తినేది, ఎందుకంటే తర్వాత వైజాగులో బొటనవేలు తీసేశారు. నేను ముద్ద కలిపి పెడితే నోరు తెరిచేది. వేళాకోళం లేదు. పురాణం ఊసు లేదు. నన్ను ఒక్క మాటా అడగలేదు. ఎందుకు చెప్పలేదే అని ఒక్కసారి అడిగితే కాళ్ళ మీద పడేదాన్ని. తిడితే బాగుండేది. అడగకుండానే పోయింది. నా కోపంలో కొంత ఆమె మీద కూడా ఉంది, ఇది కూడా దాచను. నన్ను దోషిగా నిలబెట్టకుండా వెళ్ళిపోయినందుకు. ఆమె అడిగేదాకా ఎందుకు ఆగాను అని మాత్రం ఎవరడగాలి నన్ను?

అప్పుడే వచ్చి ఉంటే బతికేదా అని పెద్ద డాక్టరమ్మని తర్వాత ఒంటరిగా అడిగాను. చెప్పలేమమ్మా, అప్పటికే ఎక్కడికి పాకిందో ఎవరికి తెలుసు, కానీ అవకాశం ఎక్కువుండేది అంది. చెప్పలేం అన్న మాట నాకు ఓదార్పని ఆమె అనుకుని ఉంటుంది. ఆ మాటతోనే కదా నేను ఇదంతా చేసింది.

అప్ప పోయిన రోజు దాలమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నీ పూజల వల్లే అది ఇన్నాళ్ళున్నాది అంది. వద్దు దాలమ్మా అన్నాను. చూడండర్రా, ఇంత చేసి కూడా పేరొద్దంటోంది అంది. నోటిదాకా వచ్చిన ఒప్పుకోలు కూడా నాకు కీర్తే అయిపోయింది. అప్పటి నుంచి నోరు మూసుకున్నాను.

భజన పుస్తకం వేరేవాళ్ళకి ఇచ్చేశాను. దేవుడి మీద నమ్మకం పోయిందా అంటే, లేదు. నమ్మకం ఉంది కాబట్టే ఇంత కోపం. అమ్మోరు అన్నీ చూసింది. ఆ డొల్లల గుట్ట దగ్గర నా పక్కనే ఉంది. నిజం చెప్పాలో వద్దో నేను ఆవిడ్ని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో నాకు తెలుసు కాబట్టే అడగలేదు. ఆ ఒక్క నిముషం తప్ప జీవితమంతా ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాను.

ఒక్క పని మాత్రం చేస్తున్నాను, దాన్ని పుణ్యమని అనకండి. వానల్లో పని తగ్గినప్పుడు షెడ్డుకి వెళ్ళి అందరి చేతులూ చూస్తాను. జీడి నలుపు గోరు పెరిగేకొద్దీ ముందుకి జరిగి పోతుంది. పోకపోతే, గీతలా ఉండి వెడల్పవుతుంటే, గోరు దాటి తోలు మీదకి వస్తుంటే, గీకొద్దు, సున్నం రాయొద్దు, వెళ్ళి చూపించుకో అంటాను. చాదస్తం అంటారు. అననీ.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, గౌరికి కొడుకు పుట్టాడు. అన్నప్రాశన పెట్టుకున్నారు. ఇవాళ పొద్దున్న వచ్చి నా కాళ్ళకి దండం పెట్టి, "తొలి ముద్ద నీ సేతి మీదుగానే తినాల సిన్నమ్మా. మా అమ్మకి ఆఖర్న నువ్వే కదా తినిపించినావు" అంది. దాని గోళ్ళు కూడా నల్లగానే ఉన్నాయి. పలాసలో పిక్కల పనికే వెళ్తోంది. దాని చెయ్యి పట్టుకుని ఒక్కో గోరూ చూశాను. జీడే. అప్పుడు నా నోట్లో ఉన్నది కదిలింది. ముందు నీకొకటి చెప్పాలే, రేపు రా అన్నాను. ఏటి సిన్నమ్మా, ఇప్పుడే సెప్పు అంది. రేపు అన్నాను.

రేపు వస్తుంది. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. చెప్తాను. విన్నాక పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళిపోతే వెళ్ళిపోనీ. మొహాన ఉమ్మితే తుడుచుకోను. ఏడిస్తే దగ్గరికి తీసుకునే హక్కు నాకు లేదు. సర్లే సిన్నమ్మా అంటుందేమో అని నాలో ఒక మూల ఇంకా ఆశ పడుతోంది. ఆ మూలని కూడా నేను నమ్మను.

దానికి చెప్పేముందు ఆ మాట నోటికి వస్తుందో రాదో చూసుకోవాలి. అప్పుడు షెడ్డులో అందరి ముందు అనాల్సిన మాట. ఇదిగో, మీ ముందు అంటున్నాను.

జోరు రకమట అప్పా. ఈ వారమే రమ్మన్నారు. ఏలు తీసెయ్యాల్సొత్తాదేమోనట. నాను ముందే దండం పెట్టీసి తప్పు సేసినాను. కర్ర ఒగ్గెయ్. నెగు, బేగెల్దాం.